నాగ్‌పూర్‌ల మనకెవ్వలున్నరే?

కో-పైలట్‌గా కొత్తగా రెక్కలొచ్చిన ఆ రోజుల్లో నాకు దేవుడన్నా ఉరుములన్నా భయం లేదు గానీ, కెప్టెన్ ఏదైనా ప్రశ్న అడుగుతాడేమోనని ఒక భయం, మావాళ్లెవరైనా నా విమానం ఎక్కుతారేమోనని ఇంకో భయం ఉండేవి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ రెండు భయాలూ కలిసి ఒకే విమానంలో ఎక్కి కూర్చున్నాయి. కెప్టెనేమో నా ఎడమ పక్కన, మా మేనమామేమో వెనక కిటికీ సీట్లో.

మాది సిరిసిల్ల. నాన్న మరమగ్గాలు (మేము సాంచెలంటాం) నడిపేవాడు. మా ఇంట్లో ఇంధనం అంటే నాన్న మోపెడ్‌లో పెట్రోలు. అది ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. తంగళ్ళపల్లి దారిలో బండి దగ్గి దగ్గి ఆగిపోతే నాన్న దిగి, దాన్ని ఒక పక్కకు వంచి, పసిపిల్లకు ఉగ్గు పట్టినట్టు కాసేపు అలాగే పట్టుకుని, "ఇగ నడుస్తది బిడ్డా, ఎక్కు" అనేవాడు. నిజంగానే నడిచేది! అలా పెరిగిన పిల్లను తీసుకొచ్చి పెద్ద విమానంలో ఇంధనం లెక్కలు చూడమంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మేనమామది కోరుట్ల పక్కన ఇబ్రహీంపట్నం. మస్కట్‌లో చాలా ఏళ్లు పనిచేసి సెలవు మీద వస్తున్నాడు. ముంబైలో దిగి, అక్కణ్నుంచి నా విమానంలోనే హైదరాబాద్ రావాలని పట్టుబట్టాడు. "కోడలు నడిపే బండి ఉండంగ నేనింకోని బండి ఎక్కుతనా?" అన్నాడు ఫోన్లో. సరేనని తోటి పైలటమ్మాయిని బతిమాలి డ్యూటీ మార్చుకున్నాను. తీరా చూస్తే ఆ రోజు కెప్టెన్ మిగులు సారు! (అది మేము పెట్టిన పేరు. ఎక్కడ కనిపించినా "మిగులెంత?" అని అడిగేవారు. ఇంటి దగ్గర భార్యను కూడా కూర ఎంత మిగిలిందని అలాగే అడుగుతారని మాలో ఒక వదంతి.)

ముంబైలో వాతావరణం కాగితాలు చూశాం. సాయంత్రానికి హైదరాబాద్ మీద గాలివాన రావచ్చని ఉంది. "ఏమ్మాయ్, నువ్వైతే ఎంత పోయిస్తావ్?" అన్నారు సారు. నాకు వెంటనే తంగళ్ళపల్లి రోడ్డు, వంగిన మోపెడ్ కళ్లముందు మెదిలాయి. "ఫుల్ ట్యాంక్, సార్!" అన్నాను ఛాతీ విరుచుకుని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది విమానమా, నీళ్ల ట్యాంకరా? అంత బరువు మోయడానికే ఇంకొంత కాలుతుంది. పైగా ఆ బరువుతో హైదరాబాద్‌లో దిగనివ్వరు" అన్నారు. చదువుకున్నదంతా అప్పుడు గుర్తొచ్చింది. ఊరు చేరడానికి కొంత, దారిలో తేడాలొస్తే కొంత, ఆ ఊళ్లో దిగలేకపోతే ఇంకో ఊరు పోవడానికి కొంత, అక్కడ కూడా గాల్లో ఓ అరగంట తిరగడానికి కొంత. ఆ చివరి అరగంట మాత్రం నిప్పు. దాన్ని ముట్టుకోవాల్సి వచ్చేలా ఉంటే రేడియోలో ఆపద కేక పెట్టాల్సిందే. ఇవన్నీ వేసి, గాలివాన కోసం మరికొంత కలిపి, తప్పనిసరైతే నాగ్‌పూర్ పోదామని అనుకుని బయల్దేరాం.

మామ ఎక్కేటప్పుడే పక్కవాళ్లకూ వెనకవాళ్లకూ నేనెవరో చెప్పేశాడట. "ముందట కూసున్నది మా అక్క బిడ్డనే. జర ఆమెకు చాయ్ పంపుండ్రి" అని ఎయిర్‌హోస్టెస్‌ను పురమాయించాడు. చాయ్ వచ్చింది. సారు నా వైపు చూశారు. నేను కిటికీలోంచి మబ్బుల్ని చాలా శ్రద్ధగా పరిశీలించాను.

హైదరాబాద్ దగ్గరికొచ్చేసరికి ఆకాశం నల్లగా మాడిన పెనంలా ఉంది. గాల్లోనే గుండ్రంగా తిరుగుతూ ఆగమన్నారు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. కింద అమ్మ, అమ్మమ్మ, మామ భార్య అయిన మా అత్త కిరాయి జీపులో వచ్చి ఎదురుచూస్తున్నారు. మామను చూసి అత్తకు రెండేళ్లయింది. ఇంత ఇంధనం మిగలగానే ఇక ఆలోచించకుండా నాగ్‌పూర్ పోవాలని ఒక అంకె రాసుకున్నాం. తెరమీద ఇంధనం ఆ అంకె వైపు దిగుతుంటే, నా గుండె కూడా దానితోపాటే దిగింది. అంతలో మబ్బుల మధ్య కాస్త సందు కనిపించింది. మా ముందున్న విమానం అందులో దూరి, దిగలేక మళ్లీ పైకి లేచింది.

"ఏమంటావ్?" అన్నారు సారు.

దిగుదామన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అత్త ముఖం కనిపిస్తోంది. కానీ అంకె కూడా కనిపిస్తోంది. "నాగ్‌పూర్ సార్. ఇప్పుడు పోతే అక్కడికి చేరినా మన అరగంట మనకుంటది. ఇంకో చుట్టు తిరిగినమంటే దాన్నే తినాల్సొస్తది" అన్నాను. కంగారులో నా భాష ఎప్పుడు సిరిసిల్ల చేరిందో నాకే తెలియదు. ఆయన తలూపి, "చక్కగా చెప్పావ్. అదే వెనకవాళ్లకి కూడా చెప్పు" అన్నారు.

ఇంగ్లీషులో చెప్పాను. హిందీలో చెప్పాను. తెలుగు దగ్గరికొచ్చేసరికి, అద్దం ముందు నిలబడి సాధన చేసిన గ్రాంథికమంతా ఎగిరిపోయి, మైకులో ఇలా వినిపించింది: "అయ్యలారా, అమ్మలారా, హైదరాబాద్‌ల వాన జోరుగ కొడుతున్నది. మనం నాగ్‌పూర్ పోతున్నం. ఇంధనం మస్తుగున్నది, ఎవ్వలు రంది వడకుండ్రి."

(రంది అంటే మా దగ్గర దిగులు.) అప్పటిదాకా ఇంధనం సంగతి ఎవరి బుర్రలోనూ లేదు! నేను లేదన్నట్టే అందరికీ వినిపించింది. తరువాతి కథ ఎయిర్‌హోస్టెస్ చెప్పగా విన్నాను. పక్కసీటు పెద్దమనిషి వణుకుతూ, "ఏమయ్యా, ఆయిల్ గిట్ల ఒడిసిందా ఏంది?" అన్నాడట. ధైర్యం చెబుదామని మా మామ గొంతు పెంచి, "ఏం భయం లేదన్నా! పెట్రోల్ ఒడిస్తె బండి ఎట్ల నడిపియ్యాల్నో వాళ్ల నాయిన దగ్గర నేర్చుకున్నది. ఒక దిక్కు వంచితె సాలు, మల్ల నడుస్తది!" అన్నాడట.

సరిగ్గా అదే క్షణంలో సారు విమానాన్ని ఉత్తరానికి తిప్పారు. తిరిగేటప్పుడు విమానం పక్కకు వాలుతుంది కదా. వాలింది.

"వంచుతున్నరు! వంచుతున్నరు!" అని పెద్దమనిషి పెట్టిన కేక తలుపు వేసివున్న కాక్‌పిట్‌లోకి కూడా వినబడింది. "వెనక ఏదో భజన జరుగుతున్నట్టుంది" అన్నారు సారు.

నాగ్‌పూర్‌లో హాయిగా దిగాం. చివరి అరగంటను ముట్టుకోనేలేదు. "మిగులెంత?" అన్నారు సారు. చెప్పాను. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఇంధనం పోయించుకుంటుండగా అమ్మకు ఫోన్ చేశాను.

"ఏమే, ఏడున్నవ్? మీ మామ ఏడి?"

"నాగ్‌పూర్‌ల ఉన్నమమ్మా."

"నాగ్‌పూర్‌లనా! నాగ్‌పూర్‌ల మనకెవ్వలున్నరే?"

"ఆడ వాన పడుతుందని..."

"ఏం వాననే? ఎప్పుడో ఎలిసింది. ఈడ ఎండ కొడుతున్నది!"

నా ముఖం వాడిపోయింది. అది చూసి సారు, "మనం పోయాక వెలిసిన వానతో మనకేం పని? తిరుగుతూ ఉన్నప్పుడు అది వెలుస్తుందని నీకెవరైనా చెప్పారా?" అన్నారు. అప్పుడే మామ కాక్‌పిట్ తలుపు దగ్గరికొచ్చి తల లోపలికి పెట్టాడు. "కోడలా, ఎట్లనో గట్ల వచ్చినం గని, గీడ సంత్ర పండ్లు మంచిగ దొరుకుతయట. ఐదు నిమిషాలు ఆపుతరా?" అన్నాడు. సారు చాలా గంభీరంగా, "ఇది బస్సు కాదండీ" అని, అటు తిరిగి భుజాలు అదిరేలా నవ్వుకున్నారు.

దీపాలు పెట్టే వేళకు హైదరాబాద్ చేరాం. మామను చూడగానే అత్త ఏడ్చింది, నవ్వింది, చివరకు తిట్టింది. అమ్మమ్మ నన్ను కింది నుంచి పైదాకా తడిమి, "గాలిమోటరుల గంతసేపు తిరిగినవ్, కండ్లు తిరగలేదా బిడ్డా?" అని అడిగి, డబ్బాలోంచి సర్వపిండి తీసి యూనిఫారం మీద పడేలా నోట్లో కుక్కింది.

ఇప్పుడు నేనే కెప్టెన్‌ని. మామ గల్ఫ్ మానేసి పసుపు వేస్తున్నాడు. మొన్న జగిత్యాలలో ఒక పెళ్లిలో తన ఫోన్ తీసి, ఆ రోజు కిటికీలోంచి మబ్బుల్ని తీసిన వీడియో పదిమందికీ చూపించాడు. మబ్బులేవీ సరిగా కనబడవు గానీ మైకులో నేను చెప్పిన మాటలు మాత్రం స్పష్టంగా వినబడతాయి. అందరూ పడీ పడీ నవ్వారు, వాళ్లకంటే ఎక్కువ నేనే నవ్వాను. తర్వాత ఎవరూ చూడకుండా, భోజనాల పందిరి వెనక నిలబడి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి విన్నాను. ఎంత సన్నని గొంతు! ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయి మాట్లాడుతోంది పిల్ల. ఎవ్వలు రంది వడకుండ్రి అని అందరికీ ధైర్యం చెబుతోంది గానీ, ఆ మాట ఆమెకు చెప్పినవాళ్లెవరూ లేరు. ఫోన్ మామకు తిరిగిచ్చేముందు నేనే మెల్లగా చెప్పాను.