ఎల్లవ్వ హోటల్లో నాకోసం వేసి ఉంచిన మంచం

దయ్యాల మాట ఎత్తితే నాకు నవ్వొచ్చేది. మా ఆయన సంఘం మనిషి. గాలి, ధూళి, చేతబడి అంతా వట్టిదేనని ఊరూరా తిరిగి చెప్పేవాడు. ఆ మాటలు వింటూ కాపురం చేసినదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది దయ్యం సంగతి అని కూడా నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

సాయుధ పోరాటం రోజులు. మాది లింగాల ఘనపూర్ పక్క పల్లె. మా ఆయనను పట్టుకుపోయి వరంగల్ జైల్లో పెట్టి మూడు నెలలు దాటింది. ఆయన పోయాకే నాకు నెల తప్పిన సంగతి తెలిసింది. ఎవరికీ చెప్పలేదు, మా అత్తకు కూడా. ముందు ఆయన చెవినే వేయాలని పంతం.

ఒకరోజు ఒక్కదాన్నే జైలుకు వెళ్లాను. గేటు దగ్గర జవాను, "ఆయన బీమారున్నడు, లేస్తలేడు. ఇయ్యాల ములాఖత్ లేదు" అన్నాడు. చాలాసేపు అక్కడే కూర్చుని, ఇక లాభం లేదని రైలెక్కాను.

జనగామలో దిగేసరికి పొద్దుగూకింది. చీకటి పడ్డాక బాటల మీద పోలీసులు ఎవరినీ పోనివ్వని కాలం. స్టేషను ఎదురుగా ఎల్లవ్వ అనే ముసలామె హోటలు ఉండేది. ముందు అర్రలో అన్నం పెట్టేది. వెనక అర్రల్లో బాటసారులు చాపలు పరుచుకుని పడుకునేవాళ్లు. అంతకుముందు నేనెన్నడూ అందులో అడుగుపెట్టలేదు.

గడపలో నిలబడ్డానో లేదో, ఎల్లవ్వ గరిటె చేతిలో పట్టుకునే ఎదురొచ్చింది.

"వచ్చినవా బిడ్డా? నీ పెనిమిటి చెప్పిపోయిండు. మంచం ఏసి పెట్టిన, రా."

గడపలోనే ఆగిపోయాను. "ఎవలవ్వా? ఎవలు చెప్పిండ్రు?"

"గిప్పుడే, రైలు రాకముందు. పొడుగ్గ ఉన్నడు, ఎడమ కనుబొమ్మ మీద గాటు. నీలం చీర కట్టుకున్నామె ఒక్కతే వస్తది, ఒట్టి మనిషి గాదు, కింద పండవెట్టకు అన్నడు. వెల్లిపాయ వాసన పడ్తలేదట గద? చారుల ఎయ్యలే. తిని పో నాయినా అంటే, ఆమె తిన్నంక తింట అన్నడు."

వెనక అర్రలో నిజంగానే నులక మంచం, బొంత. అది ఎల్లవ్వ సొంత మంచం.

ఆ గాటు మా ఆయనదే. ఆ చీర ఆ పొద్దునే మా ఆడబిడ్డ దగ్గర అడిగి కట్టుకున్నది. వెల్లిపాయ సంగతి నాకొక్కదానికే తెలుసు. దళం వాళ్లెవరైనా వచ్చారేమో అనుకున్నాను. కానీ ఆ రైలు ఎక్కుతానని నాకే తెలియదు కదా.

భయం వేయలేదు. కడుపు నిండా తిన్నాను. గడియ పెట్టకుండా పడుకున్నాను. ఎవరూ రాలేదు.

తెల్లవారుజామున మెలకువ వచ్చి, ఆయన ప్రాణం పోయిందేమో అని తోచింది. మొదటి రైలుకే వరంగల్ తిరిగి వెళ్లాను.

నిన్నటి జవానే ఉన్నాడు. "నిన్నంత తెలివి లేకుండె. పొద్దూకినంక జర కండ్లు తెరిచిండు" అన్నాడు. ఏమనుకున్నాడో, కాసేపు లోపలికి పోనిచ్చాడు.

మా ఆయన ఎముకల గూడులా ఉన్నాడు. అంతా చెప్పాను.

"నేనెట్ల వస్త? లేవనీకె చాతనైతలేదు" అన్నాడు. మళ్లీ మెల్లగా, "నువ్వు ఒక్కదానివి ఎట్లున్నవో, యాడ పండుకుంటున్నవో అని మాత్రం మనసుల మెదిలింది. గంతే. ఒట్టి మనిషివి గాదని నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. చేయి చాపి నా కొంగు పట్టుకున్నాడు. జవాను పిలిచేదాకా వదల్లేదు.

బిడ్డకు నడక వచ్చాక ఇంటికొచ్చాడు. చాలా ఏళ్లు బతికాడు. చివరిదాకా దయ్యాలు లేవనే చెప్పాడు. జనగామ సంగతి ఎత్తితే మాత్రం లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఎల్లవ్వను తర్వాత రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఒక్క మాట తేడా లేకుండా అదే చెప్పింది.

ఆ వచ్చింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు ఆయన లేడు. నేను ఒంటరిగా ఏ కొత్త చోటికి పోయినా, లోపల అడుగు పెట్టబోతూ ఒక్క క్షణం ఆగుతాను.