నాలుగు వేళ్ళు లేపిన టాపు

గురువారం, ఆగస్టు రెండో తేదీ, పగలు పదిన్నర. సంవత్సరం తొంభై, దేశం కువైట్. మంగఫ్‌లో మా కఫీల్ ఇంటి వరండాలో గడియారం చూసి ఆ వేళ గుర్తుపెట్టుకున్నాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, అంకెలూ రావు. ముల్లు ఎక్కడుందో చూసి టైము చెప్పేవాణ్ణి. చదువు నాకు యాభై దాటాక వచ్చింది. అందుకే ఇది ఇన్నేళ్ళకు రాస్తున్నాను. ముందే ఎవరి చేతనన్నా రాయించొచ్చు గదా అంటారేమో. రాసేవాళ్ళు తమ ముక్కలు రెండు కలుపుతారు. నాకది ఇష్టం లేదు.

ఆ తెల్లవారుజామునే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది.

నేను కార్ల సీట్లకు కవర్లు, పైన టాపులు కుట్టే పనివాణ్ణి. కడప నుంచి పోయాను. కఫీల్ అంటే మమ్మల్ని వీసా మీద తెప్పించి పనిలో పెట్టుకున్న ఆసామి. షువైఖ్‌లో ఆయనకు దుకాణం ఉండేది. పనివాళ్ళందరి పాస్‌పోర్టులూ ఆయన ఇంట్లో ఇనప్పెట్టెలో ఉండేవి. ఆ రోజు నాకు కావలసింది అదొక్కటే, నా పాస్‌పోర్టు. ఆయన తల్లికి ఎండ తగలకూడదని నేను చెమటలు కార్చానని ఎవరన్నా అనుకుంటే తప్పు. యుద్ధంలో కాగితం లేనివాడు ఏ గేటు దగ్గరా మనిషి కాదు.

కారు సంగతి చెప్పాలి. అది షోరూములో కొన్న కారు కాదు. విడి భాగాలుగా పెట్టెల్లో ఓడ మీద వస్తుంది, ఇంట్లో బిగించుకోవాలి. ఇద్దరే పట్టే చిన్న కారు, ఒళ్ళంతా ఫైబరు, నేలకు కరుచుకున్నట్టు ఉంటుంది. కఫీల్ రెండు చలికాలాలు పెరట్లో కూర్చుని దాన్ని బిగించాడు. టాపు మాత్రం పెట్టెల్లో రాలేదు. రెండు ఇనుప కమాన్లు వచ్చాయి, వాటి మీద గుడ్డ మనమే వేసుకోవాలి. ఆ పని నా నెత్తిన పడింది.

గుడ్డ ఎంచడానికే చాలా రోజులు పట్టింది. ఆయన మూడు రకాలు తెచ్చాడు. ఒకటి రెక్సిను, నిగనిగలాడుతుంది, ఆయనకు అదే నచ్చింది. రెండోది డేరాలకు వాడే మందపాటి నూలుగుడ్డ. మూడోది రెండు గుడ్డల మధ్య రబ్బరు పెట్టి అతికించింది. చేతికి మొరటుగా ఉంటుంది, రంగు చూస్తే తడిసిన బూడిద. నేను మూడింటిలోనూ జానెడు ముక్క కోసి, దుకాణం రేకుల మీద పడేసి పది రోజులు ముట్టుకోలేదు. తర్వాత తీసి చూస్తే రెక్సిను మడత దగ్గర పగిలింది. నూలుగుడ్డకు నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి పోయింది. గాలి పోతే దుమ్ము వస్తుంది. మూడోది గుంజితే సాగి, వదిలితే తన చోటికి వచ్చింది.

"ఇదే బాబా," అన్నాను. అక్కడ ఆసామిని బాబా అనే పిలుస్తాం.

"గాడిద రంగు," అన్నాడు కఫీల్.

"గాడిద ఎండకు పగలదు."

ఆయన నవ్వలేదు గానీ, రెక్సిను చుట్ట పక్కన పెట్టేశాడు.

టేపు మీద అంకెలు చదవలేను గనక నేను పురికొసతో కొలిచేవాణ్ణి. ఒక్కో కారుకు ఒక్కో పురికొస, కొలత దగ్గర ముడి. ఎత్తు కోసం నేనే సీట్లో కూర్చుని, నెత్తి మీద రెండు వేళ్ళు వదిలి ముడి వేశాను. కుట్టాను, తొడిగాను. కఫీల్ వచ్చి కూర్చున్నాడు. తల మీద తెల్లగుడ్డ, దాన్ని పట్టి ఉంచే నల్లతాడు చుట్ట లేకుండా ఆయన గడప దాటడు. ఆ చుట్టను అగాల్ అంటారు. టాపు మూయగానే అగాల్ జారి ఆయన ముక్కు మీదికి వచ్చింది. కారు తయారైన దేశంలో వట్టి తలతో తిరుగుతారు. నేనూ వట్టి తలవాణ్ణే. అగాల్ సంగతి ఆ దేశానికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఆ ఇంట్లో పని చేసే రాయచోటి ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఏందన్నా, ఆయప్ప నెత్తికి కొలత తీసినావా, నీ నెత్తికి తీసినావా?"

"నీ నోటికి తీస్తాలే, మూసుకోనుండు మే," అన్నాను.

"నాలుగు వేళ్ళు లేపు ఉస్తాద్," అన్నాడు కఫీల్. నాలుగు వేళ్ళు లేపడం అంటే కమాన్లు కోసి అతికించాలి, కుట్లన్నీ విప్పాలి, చుట్టూ పట్టీ కలపాలి. జులై అంతా దానికే పోయింది. పురికొసకు ఇంకో ముడి పడింది. బుధవారం సాయంత్రం గుడ్డ భుజాన వేసుకుని మంగఫ్ వచ్చాను, గురువారం తొడుగుదామని.

తెల్లారేసరికి ఊరు అంటుకున్నట్టు చప్పుళ్ళు. కఫీల్ తమ్ముడు పెద్ద కారులో రెండు కుటుంబాల ఆడవాళ్ళనూ పిల్లలనూ ఎక్కించుకుని సౌదీ వైపు వెళ్ళిపోయాడు. కఫీల్ తల్లి, ఆ ముసలామె, నా ఇల్లు వదలనంది. కఫీల్ ఆమె కోసం ఆగాడు, మధ్యాహ్నానికి సర్దుకుంటుందనుకున్నాడు. పదింటికి ఫోను వచ్చింది. దక్షిణం రోడ్డు ఇప్పటికి తెరిచే ఉంది, సాయంత్రానికి ఉండదట. ముసలామె అప్పుడు ఒప్పుకుంది. మిగిలిన బండి ఈ చిన్నదొక్కటే. ఆమె కళ్ళకు ఆపరేషన్ అయి పది రోజులు. ఎండా దుమ్మూ తగిలితే చూపు పోతుందని డాక్టరు చెప్పి ఉన్నాడు.

"టాపుకు ఎంతసేపు?" అన్నాడు కఫీల్.

"రెండు రోజులు."

"మూడు గంటలు. యల్లా!"

"నా పాస్‌పోర్టు ఇయ్యి బాబా. మూడు గంటలే."

ఆయన జేబు తడుముకుని అలాగే నిలబడ్డాడు. ఇనప్పెట్టె తాళంచెవి తమ్ముడితో పోయింది. నేను నమ్మలేదు. రాయచోటి ఆమెను అడిగాను.

"నిజమేన్నా. ఆ గుత్తి చిన్నబాబా నడుముకే ఉంటాది. నా పాస్‌పోర్టు గూడా దాంట్లోనే ఉండాది," అంది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

కఫీల్ చెయ్యి చాపాడు. "నీ పెద్ద సుత్తి ఇవ్వు. నువ్వు టాపు వెయ్యి, నేను పెట్టె పగలగొడతా."

సుత్తీ ఉలీ ఇచ్చాను. చిన్న సుత్తి నేను ఉంచుకున్నాను.

ఆ గుడ్డ వేడెక్కితే గానీ సాగదు. నీడలో పని జరగదు. కారును నడి పెరట్లోకి తోశాం. పైన హెలికాప్టర్లు. ముందు అద్దం మీద చెక్క బద్దకు గుడ్డ నడుమ ఒక మేకు కొట్టి, వెనక నడుమ గుంజి ఇంకో మేకు. అక్కడి నుంచి రెండు పక్కలకూ సమంగా పోవాలి. ఒక పక్క ఎక్కువ గుంజితే జన్మకు సరికాదు. రాయచోటి ఆమె చేతులకు గుడ్డ చుట్టుకుని పట్టుకుంది.

"గుంజు మే, గట్టిగా!"

"ఇంగ గుంజితే నా చేతులు ఊడొస్తాయన్నా!"

లోపల పెద్ద సుత్తి చప్పుడు ఆగింది. నేనూ ఆపాను.

"ఏమైందన్నా?"

"ఆయన ఆపినాడు."

"చెయ్యి నొచ్చింటాదిలే. పని చేసిన చెయ్యా అది?"

"ఆయన కొట్టేదాకా నేను కొట్టను."

ముసలామె వరండాలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. మా తెలుగు ఆమెకు రాదు, సంగతి మాత్రం అర్థమైంది. లోపలికి తిరిగి అరబీలో కేక వేసింది. "కొట్టరా! వీడు ఆపేశాడు!"

లోపల మళ్ళీ సుత్తి మోగింది. ఇక ఆగలేదు. నేనూ ఆగలేదు.

చివర టిచ్ బటన్లు మిగిలాయి. గుడ్డ ఒక రాత్రి కమాన్ల మీద కుదురుకున్నాకే వాటికి చిల్లులు వేయాలి. అప్పుడే వేసేశాను. ఎడమ వెనక మూల గుంజుతోందని నాకు తెలుసు. నా పనిలో అలాంటి మూల అంతకుముందు ఎప్పుడూ వదల్లేదు.

ముల్లు ఒకటిన్నర దాటింది. కఫీల్ బయటికి వచ్చాడు. వేళ్ళ కణుపులు చితికి రక్తం కారుతోంది. ఒడి నిండా పాస్‌పోర్టులు. కారు ముందు మూత మీద పోశాడు. "అందరివీ తీసుకుపో. ఖలాస్," అన్నాడు. నేను ఒక్కొక్కటి తెరిచి ఫొటోలు చూశాను. రాయచోటి ఆమెది ముందు దొరికింది. నాది అన్నిటి కిందా ఉంది. ఫొటోలో ముఖం నాకన్నా కుర్రగా ఉంది.

అప్పుడాయన నా చొక్కా, ప్యాంటు అడిగాడు. తెల్ల అంగీ వేసుకున్న కువైటీ మగవాళ్ళను సైనికులు దారిలో దింపేస్తున్నారని ఫోనులో విన్నాడట. నా మారు జత ఇచ్చాను. తలగుడ్డ, అగాల్ తీసి తల్లికిచ్చాడు. ఆమె వాటిని ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా కింద దాచుకుంది. ఆయన వట్టి తలతో కారులో కూర్చున్నాడు. టాపు మూశాను. ఆయన నెత్తికీ గుడ్డకూ మధ్య బోలెడు చోటు మిగిలింది.

ముసలామె చెయ్యి పైకెత్తి ఆ చోటు తడిమి చూసింది. "దీనికోసం నెల రోజులు పోగొట్టావు. లేకపోతే పొద్దున్నే వాళ్ళ వెనకే పోయేవాళ్ళం," అంది కొడుకుతో.

పొద్దున ఇల్లు వదలనన్నది ఆమే. అయినా మొదటి కొలత తప్పింది నా చేతిలోనే.

"ఎడమ మూల ఊడుతుంది బాబా. ఊడితే దీంతో కట్టుకో," అని ముడుల పురికొస ఇచ్చాను. కారు వెళ్ళిపోయింది.

మేమిద్దరం కొంత నడిచి, కొంత లారీలో మన పనివాళ్ళు ఉండే అబ్బాసియా చేరి, ఎవరి పాస్‌పోర్టులు వాళ్ళకిచ్చాం. తర్వాత బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయే దారిలో నన్ను ఆపని గేటు లేదు. ప్రతి గేటు దగ్గరా నా పాస్‌పోర్టు తీసి చూపించాను. ఆ మూల నిలిచిందో, ముసలామె కళ్ళు మిగిలాయో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ కనుక్కోలేదు. అలిసిపోయి ఉన్నాను.

ఆ రోజు ఆ పెరట్లో ఉన్నది నలుగురం. పేర్లు రాయను, ఎవరి బతుకు వాళ్ళది. కణుపులు చితికిన కఫీల్. నల్లద్దాల ముసలామె. రాయచోటి నుంచి వచ్చి, గుడ్డను చివరిదాకా వదలకుండా పట్టుకున్న ఆడమనిషి. నేను.