మామ్మ రాళ్లూ, నా హిందీ

నా చిన్నప్పుడు మా వీధిలో నా అంత హిందీ తెలిసిన పిల్ల లేదని నాకు మహా గీర. హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, కద్మా అనే పేటలో కంపెనీ క్వార్టరు మాది. నాన్న ప్లాంటులో పనిచేసేవాడు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఎన్నేళ్లయినా హిందీని మా గుమ్మం దాటనివ్వలేదు. కూరగాయల బండివాడితో బేరమాడాలన్నా, పోస్టుమాన్‌తో మాట్లాడాలన్నా నన్నే ముందుకు తోసేది. నాలుగో తరగతి హిందీతో నేను ఊరంతా ఏలేస్తున్నాననుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే పక్కింటి పిన్నికి కడుపులో రాళ్లు తీశారు. ఆసుపత్రివాళ్లు వాటిని చిన్న గాజు సీసాలో వేసి ఇస్తే, పిన్ని దాన్ని షోకేసులో పెళ్లి ఫోటో పక్కన పెట్టింది. ఇంటికి ఎవరొచ్చినా టీ కన్నా ముందు సీసా చూపించేది. మామ్మ కూడా పనిగట్టుకుని వెళ్లి చూసొచ్చేది. కొన్నాళ్లకు మామ్మకే తిన్నది అరగడం మానేసింది. కాళ్లు వాచాయి, నీరసం వచ్చింది. స్కానింగు తీయిస్తే రాళ్లున్నాయన్నారు. ఇంట్లో అందరం దిగులుపడుతుంటే మామ్మ ముఖం మాత్రం కళకళలాడిపోయింది. "నాయి దాని కన్నా పెద్దయేనేటే?" అని నన్ను చాటుగా అడిగింది.

రిపోర్టులన్నీ పట్టుకుని బిష్టుపూర్‌లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సిన రోజున నాన్నకు షిఫ్టు, అమ్మ చేతిలో చంటి తమ్ముడు. ఆపరేషను ఎప్పుడో కనుక్కుని రమ్మని మా ఇద్దరినీ ఆటో ఎక్కించారు. డాక్టరమ్మది పట్నా వైపు. భారీ మనిషి, నెమ్మదైన గొంతు. కాగితాలు తిరగేసి నావైపు చూసి, "పిత్త్ కీ థైలీ మేఁ పథరీ హై" అంది. థైలీ అంటే సంచి, పథరీ అంటే రాళ్లు. పిత్త్ అన్న మాట మా పాఠాల్లో ఇంకా రాలేదు. రాకపోతేనేం, అది తెలుగు మాటే కదా అనుకున్నాను. గొంతు సవరించుకుని, "మామ్మా, నీ పిత్తుల సంచిలో రాళ్లున్నాయట" అని గట్టిగా చెప్పాను.

మామ్మ "ఓలమ్మో! పిత్తులికి మళ్లా సంచేటే?" అని పడీపడీ నవ్వడం మొదలెట్టింది. తెర అవతల కూర్చున్నవాళ్లలో తెలుగువాళ్లెవరో ఉన్నట్టున్నారు, అటునుంచి కూడా కిసుక్కుమన్నారు. డాక్టరమ్మ ఏమైందని అడిగితే తల వంచుకుని చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పిత్త్ అంటే పైత్యరసమనీ, దాన్ని తయారుచేసేది లివరనీ, ఆ రసం నిలవుండే చిన్న తిత్తి లివరు కిందనే ఉంటుందనీ బొమ్మ గీసి చూపించింది. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

నవ్వులు తగ్గాక ఆవిడ అసలు సంగతి చెప్పింది. జబ్బు రాళ్లది కాదట, లివరుదట. చాలా ఏళ్లుగా లోలోపల పాడవుతూ వచ్చిందట. నేను తెలుగులో చెప్పే లోపలే మామ్మకు అర్థమైపోయింది. లివరన్న మాట మా వీధిలో అందరికీ తెలిసిందే. తాగి తాగి పోయినవాళ్ల గురించి చెప్పుకునేటప్పుడే ఆ మాట వినబడేది. "తాగుబోతోళ్ల జబ్బు నాకెలాగొత్తాదే? కల్లు సుక్క కూడా ముట్టనేదని సెప్పు. రాళ్లు తీసీమను, సాలు. ఆ మాట ఇంటికాడ అన్నావో, నీ వీపు సితకొడతాను" అంది. మామ్మ భయపడగా నేను చూడటం అదే మొదలు. నాకూ ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ వాదన పెట్టుకోలేదు. మిఠాయికి పంచదార పాకం పట్టినప్పుడు పలుకులు కడితే ఏం చేస్తావో అడగమంది. వంట మాట వచ్చేసరికి మామ్మకు ప్రాణం లేచొచ్చింది. "పలుకులేరితే ఏటవుద్ది? పాకం సెడిపోనాక మళ్లా కడతాది. పాకాన్నే సూసుకోవాల" అని దబాయించింది. ఇదీ అంతే అంది డాక్టరమ్మ. లివరు చాలాకాలం జబ్బుపడితే అది చేసే రసం సరిగ్గా ఉండదు, అందుకే అలాంటివాళ్లకు రాళ్లు ఎక్కువగా కడతాయి. రాళ్లు ఇప్పుడు నొప్పి పెట్టడం లేదు. ఇంత బలహీనమైన లివరుతో కోత పెడితే రాళ్ల కన్నా ఆ కోతే ప్రమాదం. ఇదంతా ఆగి ఆగి, తెలియని ప్రతి మాటా అడిగి మరీ చెప్పించుకుని, మామ్మకు చెప్పాను.

తర్వాత ఆవిడ ఎప్పుడైనా కళ్లు పచ్చబడ్డాయా అని అడిగింది. నాన్న పుట్టకముందు తనకు పెద్ద కామెర్లు వచ్చాయనీ, ఆకు పసరు పోశారనీ, పోయాయనుకున్నారనీ మామ్మ చెప్పింది. కొన్ని రకాల కామెర్లు పోయినట్టే పోయి లోపల ఉండిపోతాయనీ, లివరు పాడవడానికి తాగుడొక్కటే కారణం కాదనీ డాక్టరమ్మ చెప్పింది. "అయితే నాది తప్పు కాదన్నమాట" అంది మామ్మ, అని భోరుమని ఏడ్చేసింది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఉప్పు తగ్గించమనీ, పసర్లూ సొంత మాత్రలూ వద్దనీ, నొప్పో జ్వరమో వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే పరుగెత్తుకు రమ్మనీ చెప్పి పంపింది.

ఇంటికి రాగానే వీపు చితకడం మాట అటుంచి, మామ్మే అరుగు మీద కూర్చుని వీధంతా వినబడేలా చెప్పింది, తనకు లివరు జబ్బనీ, తాగి కాదు కామెర్ల వల్ల అనీ. నాన్న ఇబ్బందిగా లోపలికి రమ్మన్నాడు, వినలేదు. పిన్ని అయితే ఆపరేషను లేదని ఉసూరుమంది. నాలుగు రోజులు పోయాక వెనక వరస క్వార్టర్సు నుంచి ఒకావిడ మధ్యాహ్నం పూట వచ్చి మామ్మ పక్కన కూర్చుంది. తనకూ లివరేనన్నారట. జనం ఏమనుకుంటారోనని మొగుడితో కూడా చెప్పలేదట, మందులు మొదలెట్టలేదట. మామ్మ ఆవిణ్ణీ నన్నూ వెంటబెట్టుకుని మళ్లీ బిష్టుపూర్ వెళ్లింది. ఆ ఇద్దరూ కలిసి మందులు మింగుతూ, ఉప్పు లేని కూరలను తిట్టుకుంటూ చాలా ఏళ్లు బతికారు. నా పెళ్లిలో వియ్యాలవారిని ఆట పట్టించింది కూడా వాళ్లే.

మొన్నామధ్య నాకూ లివరుకు కొవ్వు పట్టిందన్నారు. చూపించుకుని మనవరాలితో షేరాటోలో బిర్సానగర్‌లో మా ఇంటికి వస్తుంటే మా అబ్బాయి ఫోను చేశాడు. ఏమన్నారో అంతా గట్టిగానే చెప్పాను. మనవరాలు నా మోచెయ్యి గిల్లి, "దాదీ, ధీరే బోలో నా, సబ్ సున్ రహే హైఁ" అంది. అందరూ వింటున్నారట, మెల్లగా మాట్లాడాలట. వింటే వినమనే అన్నాను. ఎదురుగా కూర్చున్నావిడ కొంగు కింద దాచుకున్న ఆసుపత్రి కవరు బయటికి తీసి, ముందుకు వంగి, ఏ డాక్టరుకు చూపించారని మెల్లగా నన్నడిగింది.