రాగుల మూట కూడా బరువే

1984. హోసూరులో ఫ్యాక్టరీలు ఒకదాని వెనుక ఒకటి లేస్తున్న రోజులు. బాగలూరు రోడ్డులో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నేను స్టాఫ్ నర్సుగా ఉండేదాన్ని. బెంగళూరు నుంచి సర్జన్ వారానికోసారి వచ్చి, ఆపరేషన్లు చేసి, సాయంత్రానికి వెళ్ళిపోయేవారు. ఆ తర్వాత వారమంతా కట్లు, కుట్లు, చెప్పిన మాట వినని రోగులు, అన్నీ నా పాలే.

అసలు పేరు చెప్పను, మంజునాథ్ అందాం. ఇరవై దాటినవాడు. సూళగిరిలో వాళ్ళ నాయనకు రాగులు, చింతపండు మండీ ఉండేది. సాయంత్రం బస్సెక్కి హోసూరొచ్చి జిమ్‌లో కసరత్తు చేసేవాడు. భుజాలు చెక్కినట్టుండేవి. కానీ ఎంత ఎండలోనైనా చొక్కా కింద రెండు బనియన్లు వేసుకునేవాడు. మీసం మొలిచే వయసు నుంచి అతనికి రొమ్ములు పెరిగాయి. దాన్ని గైనకోమాస్టియా అంటారు. మగపిల్లల్లో చాలామందికి వచ్చి దానంతటదే తగ్గిపోతుంది. ఇతనికి తగ్గలేదు. కొవ్వయితే కసరత్తుకు కరుగుతుందేమో గాని గ్రంథి కరగదు. ఆ సంగతి తెలియక ఏళ్ళ తరబడి బెంచ్ ప్రెస్ చేశాడు. అంటే బల్ల మీద వెల్లకిలా పడుకుని, బరువులు తగిలించిన రాడ్డును రొమ్ము మీది నుంచి పైకి నెట్టడం. కింద కండ పెరిగే కొద్దీ పైనున్నది ఇంకా ముందుకొచ్చింది.

సర్జన్ చనుమొన అంచున చిన్న గాటు పెట్టి రెండువైపులా గ్రంథి తీసేశారు. ఖాళీ అయిన చోట నీరు చేరకుండా డ్రైన్ అనే సన్న గొట్టం, పైన ప్రెషర్ బ్యాండేజ్ అనే బిగువు కట్టు. గొట్టం తీసి ఇంటికి పంపేటప్పుడు గట్టిగా చెప్పాను.

"నడువు, తిరుగు. నెలన్నర దాకా బరువు మాత్రం ఎత్తొద్దు. జిమ్ దిక్కే పోవద్దు."

"పోనక్కా, ఒట్టు."

వారం తిరక్కముందే తిరిగొచ్చాడు. ఎడమవైపు ఆపరేషన్‌కు ముందున్నంత వాపు. తట్టి చూస్తే లోపల నీళ్ళు కదిలాయి. సెరోమా అంటారు. చర్మం కింది కండకు అతుక్కోక మధ్యలో నీరు చేరడం. డ్యూటీ డాక్టర్ సిరంజితో లాగేసి మళ్ళీ కట్టు వేయించారు.

"యాడ ఎత్తినావప్పా?"

"యాడా ఎత్తలేదక్కా."

కొన్నాళ్ళకు మళ్ళీ అదే వాపు. ఈసారి ఒక కుట్టు తెగి చొక్కా మీదికి రక్తం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకోసారి ఇలా జరిగితే చీము పడుతుందని, మళ్ళీ కోయాల్సి వస్తే చనుమొన కూడా దక్కకపోవచ్చని డాక్టర్ చెప్పారు. అంతా విని తల వంచుకుని "జిమ్‌కి పోలేదక్కా" అన్నాడు. అదే పాట.

ఆ రోజు డ్యూటీ దిగగానే నేరుగా జిమ్‌కే వెళ్ళి మాస్టర్‌ను నిలదీశాను. "మంజుతో ఇప్పుడు వెయిట్లు ఎత్తించేది ఏం పని మాస్టర్?"

ఆయన తెల్లబోయాడు. "వాడు ఈడికొచ్చి నెలాయ గదమ్మా. ఊరికెనే నన్ను తిడతా ఉండారే! వాడికేమన్నా అయిందా?"

ఏమైందో చెప్పే హక్కు నాకు లేదు. ఏమీ లేదని వచ్చేశాను. దారంతా చిరాకే.

తర్వాతి సారి కట్టు మార్చడానికి వచ్చినప్పుడు గది తలుపు మూశాను. "జిమ్‌లో ఎత్తలేదు, సరే. ఇంకెక్కడ ఎత్తినావు?"

తలుపు మూసి ఉందో లేదో ఒకసారి చూసుకున్నాడు. "మండీలో అక్కా. రాగుల మూటలు. లారీ వస్తే దింపాల గదా."

"ఎత్తలేనని చెప్పకూడదా?"

"ఎందుకంటాడు మా నాయన. స్నేహితుని పెండ్లని అబద్ధం చెప్పి వచ్చి చేయించుకున్నా. ఎందుకో చెప్పాలంటే చొక్కా విప్పాల. ఇన్నేండ్లలో మా అమ్మ ముందర కూడా విప్పలేదక్కా." అంత మనిషీ భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వే చెప్పక్కా. నేను బయట ఉంటా."

నేను కబురు పెడితే వాళ్ళ నాయన వచ్చాడు. పొట్టి మనిషి, గట్టి గొంతు. నేను చెప్పేదంతా విన్నాక ఆ గొంతు పడిపోయింది. "మూట ఎత్తేటప్పుడు వాడు పండ్లు బిగబట్టేది చూసినాను సిస్టరమ్మా. సోంబేరి నాకొడకా అని తిట్టినాను." లేచి బయటికెళ్ళి కొడుకు మీద అరిచాడు. "నాతో చెప్పేకి నోరు రాలేదా నీకు?"

"చెప్తే నువ్వు ఇనేవాడివా నాయనా?"

ఆయన కొడుకు చేతిలోని సంచి లాక్కుని బస్టాండు వైపు ముందు నడిచాడు.

అక్కడితో నా తలనొప్పి తీరిందనుకున్నాను. గాయం చక్కగా మానింది. సర్జన్ చూసి, ఇక మెల్లగా మొదలుపెట్టవచ్చన్నారు. తర్వాత చాన్నాళ్ళు మనిషి జాడే లేదు. మళ్ళీ నాయనతో కలిసి వచ్చేసరికి చెయ్యి తలదాకా లేవడం లేదు, భుజం పట్టేసింది. వాళ్ళ నాయన నీళ్ళ చెంబు కూడా ఎత్తనివ్వకుండా గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టాడట.

"మీరే గదమ్మా బరువు వద్దంటిరి!" అన్నాడాయన నా మీదే.

"నెలన్నర అంటిని సామీ, జన్మంతా కాదు!"

మళ్ళీ మొదటి నుంచి పాఠం. ముందు గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి పైకి తీసుకుపోవడం. భుజం వదులయ్యాక కాళ్ళ కసరత్తులు. ఆ తర్వాత బరువులు తగిలించని ఒట్టి రాడ్డు. నొప్పి గాని వాపు గాని కనిపిస్తే ఆపేయడం. జిమ్ మాస్టర్‌కు ఈసారి మంజే స్వయంగా చెప్పుకున్నాడు. అయినా నా దగ్గర సణుగుడు తప్పలేదు.

"ఒట్టి రాడ్డు ఎత్తితే అందరూ నగుతారక్కా."

"నగనీ. మళ్ళీ నీళ్ళు లాగించుకునే దానికంటే మేలు."

మరుసటి ఏడు మామిడికాయల కాలంలో తండ్రీ కొడుకులు నర్సింగ్ హోమ్‌కు వచ్చారు. మంజు మళ్ళీ మునుపటంత బరువు నెడుతున్నాడు. పలుచటి చొక్కా వేసుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. పండ్ల బుట్టను మాత్రం నాయన నెత్తి మీద పెట్టుకుని తెచ్చాడు, కొడుకుని తాకనివ్వకుండా. నేను తల పట్టుకున్నాను.

ఆ తర్వాత ఏ రోగికీ ఉత్తినే "బరువు ఎత్తొద్దు" అని చెప్పి పంపలేదు. ఇంట్లో ఏమేం ఎత్తుతారు, ఎత్తనంటే ఎవరికి జవాబు చెప్పుకోవాలి అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఒకసారి కెలవరపల్లి నుంచి గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చినామెను అలాగే అడిగాను. బరువులేమీ ఎత్తనని తలూపింది.

"మరి ఇంటికి నీళ్ళు ఎవరు తెస్తారమ్మా?"

"నేనే. రెండు బిందెలు."

"అది బరువు కాదా?"

ఆమె నన్ను వింతగా చూసి అంది: "అవి నీళ్ళు గదమ్మా!"