అందుతాందా?

ఆ పిల్లంటే నాకు ఇప్పటికీ కుళ్లే. అరవైల్లో ఖిలా వరంగల్ బడిలో మేమిద్దరం అయిదో తరగతి. ఆమెది బొంగురు గొంతు. అయినా పొద్దున్నే ప్రార్థన పాట ఆమే ఎత్తుకునేది. మొదటి మాట పాడి ఆగి, వెనక వరుసలోని చిన్నపిల్లల వైపు చెయ్యి చాపి "అందుతాందా?" అని అడిగేది. అందకపోతే శ్రుతి దించేది. నాకు ఒళ్లు మండేది. బడి మొత్తంలో మంచి గొంతు నాదే కదా!

ఆమెకు జ్వరమొచ్చిన రోజు టీచరమ్మ నన్ను పాడమంది. పై శ్రుతిలో ఎత్తుకున్నాను. పిల్లలు ఒక్కొక్కరే ఆగిపోయారు. చివరిదాకా నేనొక్కదాన్నే పాడాను.

"మస్తు పాడినవ్ బిడ్డా!" అంది టీచరమ్మ.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక చిన్నది అడిగింది.

"టీచరమ్మా, అక్క రేపొస్తదా?"