రెండో వెర్షన్ మాత్రమే

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా మా క్వార్టర్ కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఆ చప్పుడుకు నాకు దానియేలు సార్ గుర్తొస్తాడు. గోదావరిఖనిలో తాను నడిపిన కంప్యూటర్ ఇనిస్టిట్యూట్‌లో ఆ వేళకు పాఠం ఆపి, పాత మానిటర్‌ను రెండు చేతులా పట్టుకుని నిలబడేవాడు. "ఇది పడితే మల్ల కొనేటోడు లేడు" అనేవాడు. నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఆయనే. నలుగురిలో నన్ను దొంగ అన్నదీ ఆయనే. రెండూ నేను మరిచిపోలేదు.

బొగ్గుబాయిలో మందుగుండు పేలి చూపు పోయిన ఇలయ్య కాక మా వీధివాడు. ఆయన లాంటివాళ్ళ కోసం తెలుగు వార్తలను పైకి చదివే ప్రోగ్రాం ఒకటి సార్ తలపెట్టాడు. తెలుగు అక్షరాలను పలుకులుగా విడగొట్టే భాగాన్ని ఆయన స్నేహితుడు రఫీ రాశాడు. బాయి ఆఫీసులో గుమాస్తా రఫీ. దాన్ని జీపీఎల్ లైసెన్సు కింద పెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇంకొకరికి ఇస్తే మాత్రం మూలకోడ్‌తో సహా అవే షరతుల మీద ఇవ్వాలి. ఆ లైసెన్సుకు షరతులు మారి కొత్త వెర్షన్లు వస్తుంటాయి కనుక "రెండో వెర్షన్, లేదా తర్వాత వచ్చేది" అని రాయడం చాలామందికి వాడుక. రఫీ చివరి ముక్క కొట్టేసి 'రెండో వెర్షన్ మాత్రమే' అని రాశాడు. "రేపొచ్చే షరతుకు ఇయ్యాల ఎట్ల ఒప్పుకుంట సార్? సదవని కాయితం మీద సంతకం పెట్టుడేంది?" అన్నాడట. ఇది మా బొగ్గుబాయిల మనుషులందరిలో ఉన్న భయమే.

రఫీ కామెర్లతో పోయాడు. ఆ తర్వాతే, ఆ పలుకులను పైకి వినిపించే మంచి తెలుగు గొంతు ప్రోగ్రాం మాకు దొరికింది. ఎక్కడో దూరదేశంలో ఎందరో కలిసి చేసినది, అదే లైసెన్సు మూడో వెర్షన్ కింద. రెండూ కలిపి నడిపితే ఇలయ్య కాక పకపకా నవ్వాడు. "వీడెవడో మంథని గుడి అయ్యగారి లెక్క సదువుతుండు!"

కానీ రెండో వెర్షన్ కొత్త షరతులు చేర్చవద్దంటుంది. మూడోదానిలో కొత్త షరతులున్నాయి. కలిపి మన దగ్గర నడుపుకుంటే తప్పులేదు, ఇంకొకరి చేతికి ఇస్తే ఒకరి షరతు మీరినట్టే. అందుకని కాక రోజూ కర్ర పట్టుకుని ఇనిస్టిట్యూట్‌కు నడిచి వచ్చి వినేవాడు. వాన పడినా, ఎండ కాసినా. అది చూడలేక నేను ప్రోగ్రాంను పెన్‌డ్రైవులో ఎక్కించి, ఇంటి దగ్గరే ఎవరి కంప్యూటర్‌లోనైనా పెట్టించుకుని వినమని ఆయన జేబులో పెట్టాను. సార్‌కు తెలిసింది.

"నా దగ్గర దొంగతనం నేర్సుకున్నవారా శీనూ?" అని క్లాసు అందరి ముందూ అడిగాడు.

"దాచుకుంటే దొంగతనం సార్. ఇస్తే ఎట్లయితది?"

"రఫీ ఉన్నప్పుడు అడిగితివా? సచ్చినోడు కొట్లాడడనే కదా!"

కాక మెల్లగా జేబులోంచి పెన్‌డ్రైవు తీసి చాచాడు. "కండ్లు బాయి తీస్కున్నది. చెవులు నువ్వు తీస్కో సారూ."

అయినా సార్ తీసుకున్నాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, నన్ను వెంటబెట్టుకుని రఫీ ఇంటికి వెళ్ళాడు. వారసురాలిగా రఫీ భార్య షాహీన్ సంతకం పెడితే చాలు, ఆ భాగాన్ని మూడో వెర్షన్ కింద కూడా ఇవ్వవచ్చు. మా దగ్గర కార్మికుడు పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ఆ ఉద్యోగం కోసం ఆమెకూ మరిదికీ కొట్లాట నడుస్తోంది. కాగితం చూడగానే ఆమె మొహం మారిపోయింది.

"మా మరిది పంపిండా మిమ్మల్ని?"

"కాదమ్మా. ఇది ఉద్యోగం కాయితం కాదు. రఫీ రాసిన ప్రోగ్రాం..."

"మొన్నొకాయన గిట్లనే అన్నడు. 'ఇది వేరే కాయితం బహెన్' అని. నేను దేనిమీదా పెట్ట."

బయటికి వచ్చాక నేను మండిపడ్డాను. సార్ మాత్రం, "రఫీ కూడా గంతేరా. ఆమె తప్పేముంది" అన్నాడు. నన్ను దొంగ అన్న నోటితో ఆమెను వెనకేసుకొచ్చాడు.

గొంతు చేసినవాళ్ళకు రాస్తే, ఎందరిదో కోడు, ఇప్పుడు లైసెన్సు మార్చలేమన్నారు. రఫీ భాగాన్ని కొత్తగా రాస్తానని సార్ కూర్చున్నాడు. అప్పటికే కిడ్నీలు చెడి, కరీంనగర్ దవాఖానకు డయాలసిస్‌కు తిరుగుతూ రాసేవాడు. చదువుకుని, "ఇది వాని చెయ్యేరా" అని చెరిపేసేవాడు. అలా చెరుపుతూనే కన్నుమూశాడు. ఇనిస్టిట్యూట్ ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. ఉద్యోగం మరిదికి పోయింది. షాహీన్ ఇప్పుడు నాకు తలుపే తీయదు. నేను రాద్దామంటే, రాయడం నేర్చుకున్నదే రఫీ కోడు చదివి. ఏం రాసినా అతనిదే వస్తుంది.

కాక ఇప్పుడు శ్రీరాంపూర్‌లో కూతురి దగ్గర మంచంలో ఉన్నాడు. వీలైనప్పుడల్లా లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కుతాను. ఆయన గంటసేపు వింటాడు. పెన్‌డ్రైవులో వేసి ఇచ్చేస్తే అడిగేవాడు లేడు, పట్టుకునేవాడు లేడు. సార్ కూడా లేడు. అయినా నా చేయి రాదు. సార్ మీద నాకున్న కోపం ఇదే.

వైరు తీస్తున్న చప్పుడుకు కాక తల ఇటు తిప్పుతాడు.

"తీస్కపోతున్నవా పిలగా?"

"తీస్కపోతున్న కాకా."

గోడవైపు ఒత్తిగిలతాడు. నేను సంచి మూసుకుని బస్టాండుకు నడుస్తాను.