ఓయ్వా గారి అతిథుల పుస్తకం

"మీ ఇంటికి మనుషులెవరూ రారా?"

సర్వే కోసం వచ్చిన అమ్మాయి ఓయ్వాని మొహం మీదే అడిగేసింది. ఆమె తప్పేమీ లేదు. "పోయిన నెలలో మీ ఇంటికి ఎవరెవరు వచ్చారు?" అన్నదానికి ఆయన ఒక లావుపాటి పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. అందులో మొదటి పేరు నక్క. రెండోదీ నక్కే. మూడోది "నిన్నటి నక్క, మళ్ళీ."

"మనుషులు తలుపు కొట్టి వస్తారు, పేరు చెబుతారు. వాళ్ళకి పుస్తకం దేనికమ్మా?" అన్నాడు ఓయ్వా.

ఓయ్వాకి ఉన్నది ఒకటే పిచ్చి, కానీ అది నిండు పిచ్చి. వాకిట్లో అడుగుపెట్టిన ప్రతి ప్రాణీ పుస్తకంలోకి ఎక్కాలి. అడవి గుడిసెలో తలదాచుకున్నవాడు వెళ్ళేముందు తన పేరు, ఎక్కణ్ణుంచి వచ్చాడో, ఎక్కడికి పోతున్నాడో అక్కడి పుస్తకంలో రాసి పోవడం ఉత్తరాన అందరూ పాటించే మర్యాదే. దారి తప్పితే వెతకడానికి ఆ రాతే ఆధారం. ఆ మర్యాదని ఓయ్వా రెక్కలకీ తోకలకీ కూడా వర్తింపజేశాడు. అతిథులకి చదువు లేదు కనక ఆయనే రాసేవాడు. సంతకం మాత్రం వాళ్ళే పెట్టాలి. అందుకని మెట్ల దగ్గర మసి పూసిన రేకు, దాని పక్కన కాగితం, ఏడాది పొడుగునా. పోస్టుమాన్ రెండుసార్లు సంతకం పెట్టాడు, తెలియక.

పుస్తకంలో ఐదు గళ్ళు: ఎవరు, ఎక్కణ్ణుంచి, ఎక్కడికి, ఏం తిన్నారు, ఫిర్యాదులు. జనవరిలో ఒక పేజీలో ఇలా ఉంది: "మూస్ దుప్పి దంపతులు. చెరువు అవతల నుంచి. మా ఎర్రపళ్ళ చెట్టు దాకా. చెట్టు. ఫిర్యాదులు: వాళ్ళకేమీ లేవు."

కోడలు సినిక్కా కుర్కియార్వి అనే ఆ ఊరికి కాపరానికొచ్చి అప్పటికి మూడేళ్ళు. దక్షిణాదిన సముద్రపు ఒడ్డున పుట్టిన పిల్ల. పదకొండిళ్ళ ఊళ్ళో బళ్ళో పాఠాలు చెప్పేది. మావగారి పుస్తకం ఆమెకి మొదట ముచ్చటగానే ఉండేది. ఆ తర్వాత చదవడం మొదలుపెట్టింది.

ఏప్రిల్‌లో సారసాలు వచ్చాయి. ఇంకా కరగని మంచు మీద దిగి, మెడలెత్తి ఒక్కసారిగా కూస్తే కిటికీ అద్దాలు గజగజలాడాయి. ఆ సంబరం చూసి సినిక్కాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుస్తకం తెరిచి చూస్తే: "నిప్పుకోళ్ళు, 2. చేపల పులుసు, రొట్టె రెండు ముక్కలు, కాఫీ రెండు కప్పులు."

"మావయ్యా, నిప్పుకోళ్ళేమిటి?"

"పొడుగు కాళ్ళున్నాయిగా."

"అవి కాఫీ తాగాయా?"

"పాలు పొయ్యకుండా," అన్నాడాయన.

ఆ రోజు పదకొండింటికి టీచరమ్మ రానే వచ్చింది. టీచరమ్మ అంటే లెంపీ. ముప్పై ఎనిమిదేళ్ళు ఊరి పిల్లలందరి చెవులూ మెలిపెట్టి రిటైరైన మనిషి. నాలుగు కిలోమీటర్ల అవతల ఒంటరి ఇల్లు. రోజూ ఓయ్వానే కారులో వెళ్ళి తెచ్చేవాడు. ఆమె కోటు విప్పకుండానే సంచిలోంచి ఎర్ర కలం తీసి కూర్చునేది.

"నిప్పుకోళ్ళా! ఓయ్వా, నీ బుర్రలో ఉన్నది మెదడా, రంపపు పొట్టా? సారసాలయ్యా! సారసాలు! జరిమానా ఒక యూరో."

"రాసుకోండి టీచరమ్మా. వసంతంలో తీర్చేస్తా."

"ఇది వసంతమే!"

"వచ్చే వసంతంలో."

"బాకీ తీరేదాకా వస్తూనే ఉంటాను, చూసుకో," అని ఆమె బెదిరించేది. పక్కనే పులుసు మరుగుతూ ఉండేది. ఆమె తిట్టుకుంటూ తినేది, తింటూ తిట్టేది.

ఇలా రోజుకొక తప్పు. గుడ్లగూబ "టోపీ పెట్టుకున్న కోడి" అయింది. వడ్రంగిపిట్ట "మేకులు కొట్టేవాడు" అయింది. సినిక్కాకి దిగులు పట్టుకుంది. మంచు తీసే బండి నడిపే భర్త తపానీ రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు. ఒక రోజు ఆ కోటా మొత్తం ఖర్చుపెట్టి, "చిన్నప్పుడు పక్షులన్నీ నాన్నే నేర్పాడు," అన్నాడు. ఆ మాటతో ఆమె దిగులు రెట్టింపైంది. తెలిసినవన్నీ మరిచిపోతున్నాడంటే అది వయసు కాదు, జబ్బు. ఆ జబ్బుతో రోజూ మంచు రోడ్డు మీద కారు నడుపుతున్నాడు.

మే నెలలో ఒక పొద్దున ఆరింటికి మాత్రం ఆమె లెక్క తప్పింది. వాకిట్లోకి ఎలుగుబంటి వచ్చింది. ఇంట్లో ముగ్గురూ కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అది తొందరేమీ లేకుండా నడిచి, కంచె దగ్గర రెండు కాళ్ళ మీద లేచి, గాలి వాసన చూసింది. వీపు మీది బొచ్చులో మంచు కరిగి మెరుస్తోంది. ఈ ఇల్లూ వాకిలీ తనవైనట్టూ, లోపలున్నవాళ్ళు అద్దెకున్నట్టూ ఒకసారి కిటికీ వైపు చూసి, పోనీలే అన్నట్టు అడవిలోకి వెళ్ళిపోయింది. సినిక్కా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"ఆడది. ముసలిది," అని గుసగుసలాడాడు ఓయ్వా. "ఎడమ ముందుకాలికి పాత దెబ్బ. పోయినేడు పిల్లలున్నాయి."

పదకొండింటికల్లా పుస్తకంలో "గొర్రె, పెద్దది" అని ఉంది.

అక్టోబరులో సినిక్కా డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆరోగ్య కేంద్రానికి ఆయన్ని తీసుకెళ్ళింది. సాక్ష్యానికి పుస్తకం పట్టుకుంది. బీపీ చూపించుకోవాలని టీచరమ్మ కూడా కారెక్కి, డాక్టరు గదిలోకి కూడా వచ్చేసింది.

"మీరు బయట కూర్చోవాలండీ," అన్నాడు కుర్ర డాక్టరు.

"ఎవడికి బుర్ర ఉందో ఎవడికి లేదో నీకంటే నాకు బాగా తెలుసు, బాబూ. కానియ్యి."

ఓయ్వా తారీకు చెప్పాడు, వందలోంచి ఏడేడు తీసేశాడు, గడియారం బొమ్మ గీశాడు. ఆ తర్వాత డాక్టరు జేబులోంచి యూరో నాణెం తీసి, దాని మీద ఎగురుతున్న రెండు హంసల్ని చూపించాడు.

"ఇవేమిటి?"

పాలు తాగే పిల్ల కూడా చెప్పే జవాబు అది. ఓయ్వా నాణెం చూశాడు. డాక్టర్ని చూశాడు. టీచరమ్మ ఒళ్ళోని సంచిని, సంచిలోంచి తొంగిచూస్తున్న ఎర్ర కలాన్ని చూశాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"బాతులు," అన్నాడు.

"డెబ్భై రెండేళ్ళొచ్చాయి!" అని టీచరమ్మ అరిచిన అరుపుకి నర్సు పరిగెత్తుకొచ్చింది.

డాక్టరు పుస్తకం తిరగేశాడు. నిప్పుకోళ్ళ దగ్గర ఆగాడు, కాఫీ దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగాడు. రెండు వారాల తర్వాత మళ్ళీ పరీక్ష, అప్పటిదాకా కారు ముట్టుకోకూడదు, అప్పుడూ ఇలాగే ఉంటే లైసెన్సు రద్దు.

తిరుగుదారిలో చెరువంతా తెల్లగా కనిపిస్తే సినిక్కా కారు ఆపింది. వందలకొద్దీ హంసలు దక్షిణానికి బయల్దేరుతున్నాయి. నీళ్ళ మీద పరిగెత్తి, లేచి, మబ్బు కింద బారులు తీరుతున్నాయి. ఆ రెక్కల చప్పుడు గుండెలో వినిపించింది. ముగ్గురూ దిగి నిలబడ్డారు.

"ఏమిటవి?" అంది టీచరమ్మ.

"బాతులు," అన్నాడు ఓయ్వా. అన్నాడు గానీ, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

మర్నాటి నుంచి పదకొండింటికి ఎవరూ రాలేదు. సినిక్కా బళ్ళో, తపానీ పనిలో, కారు తాళం మేకుకి. ఓయ్వా పులుసు కాచి, కిటికీలోంచి టీచరమ్మ ఇల్లున్న వైపు చూస్తూ కూర్చునేవాడు. పుస్తకం తెరవలేదు. తుప్పు రంగు తోక కూక్కెలి పిట్ట మెట్ల మీద నిలబడి ఇంతసేపా అన్నట్టు అరిచినా తెరవలేదు.

జబ్బు ఎప్పుడు మొదలైందో డాక్టరుకి చూపించాలని సినిక్కా సౌనా అనే ఆవిరిస్నానాల గది అటక ఎక్కి పాత పుస్తకాలు దించింది. ఇరవై ఆరున్నాయి. మధ్యాహ్నం మొదలుపెట్టి లేవడం మరిచిపోయింది. ఇరవై ఆరేళ్ళ వాకిలి అది. ఏ హంస ఏ రోజు వచ్చింది, ఏ నక్కకి తోక మీద మచ్చ, ఏ సారసం జత పోయి ఒంటరిగా తిరిగొచ్చింది, అన్నీ ఉన్నాయి. మొదటి ఇరవై రెండేళ్ళలో ఒక్క పేరు తప్పు లేదు. దేశం మొత్తం మీద ఇంత చూసిన మనిషి ఉంటాడా అనిపించింది ఆమెకి.

నాలుగేళ్ళ కిందటి నవంబరు దగ్గర చెయ్యి ఆగింది.

"5వ తేదీ. ఎవరూ రాలేదు. టీచరమ్మ వాళ్ళాయన అంత్యక్రియలు."

"9వ తేదీ. టీచరమ్మ ఇంటి పొగగొట్టంలో పొగ లేదు, మూడో రోజు. పులుసు పట్టుకెళ్తే, అడుక్కుతినే గతి పట్టలేదని తలుపు వేసేసింది."

"12వ తేదీ. ఎర్ర చిలకలు, 2. పేరు సరిగ్గా తెలియక పుస్తకం ఆమెకి చూపించాను."

దాని కింద మొట్టమొదటి ఎర్ర సిరా: "చిలకలట! కత్తెరముక్కు పిట్టలు! ఎవడు చదువు చెప్పాడు నీకు? జరిమానా 1 యూరో. రేపు వచ్చి మిగతావి చూస్తాను."

ఆ పక్క గడిలో, ఏం తిన్నారు అన్నచోట, ఓయ్వా పెన్సిలు రాత: "చేపల పులుసు సగం గిన్నె. కాఫీ ఒక కప్పు."

సినిక్కా గబగబా పేజీలు తిప్పింది. పక్షి ఏదైనా పక్క గడిలో పులుసే. సగం గిన్నె నిండు గిన్నె అయింది, ఒక కప్పు రెండైంది. నాలుగేళ్ళుగా టీచరమ్మ దిద్దని గీత లేదు, వదిలిన చుక్క లేదు. నిప్పుకోడిని నిలువునా కొట్టేసిన ఆ కలం, నిప్పుకోడి తాగిన కాఫీని మాత్రం ఒక్కనాడూ ముట్టుకోలేదు.

రెండో పరీక్షకి సినిక్కా మావగారిని ఒక్కణ్ణే తీసుకెళ్ళింది. డాక్టరు నాణెం చూపించాడు.

"హంసలు. జంట. ముందున్నది ఆడదని నా అనుమానం, మెడ కాస్త సన్నం. మీరు కళ్ళజోడు మార్చుకోండి బాబూ, నాణెం తలకిందులుగా పట్టుకున్నారు."

"మరి పోయినసారి బాతులన్నారు?"

"పోయినసారి టీచరమ్మ ఉంది కదా," అన్నాడు ఓయ్వా, ఇందులో అడగడానికేముందన్నట్టు.

మర్నాడు పదకొండింటికి కారు చప్పుడైంది. టీచరమ్మ కోటు విప్పకుండా కూర్చుని కలం తీసింది. "కూక్కెలి" అని ఉండాల్సిన చోట "కోడిపిల్ల, తుప్పు పట్టింది" అని ఉంది. బళ్ళో సెలవు పెట్టిన సినిక్కా ఆమె ముందు పులుసు గిన్నె పెట్టింది. ఇల్లెగిరిపోయేలా తిట్లు మొదలయ్యాయి.

ఆ రోజుకి ఓయ్వా టీచరమ్మకి పన్నెండు వందల పద్దెనిమిది యూరోలు బాకీ.